తలుపు పక్క మంచం

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పెద్దలకూ పిల్లలకూ ఆమె ఆరా పిన్నే. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు మొహం ఎందుకు ముడుచుకున్నారు... ఇవి తెలియకపోతే ఆమెకు అన్నం సయించదు. అలాగని చాడీలు మోసే మనిషి కాదు. తెలుసుకున్నది కడుపులో దాచుకుంటుంది. "అడగందే అమ్మయినా పెట్టదు" అన్న సామెతను అడ్డం పెట్టుకుని ఎవరినైనా ఏదైనా అడిగేస్తుంది, అంతే.

ఆమెకూ ఆమె భర్తకూ కలిపి ఒక అద్దె సామాన్ల కొట్టు ఉంది. కుర్చీలు, బల్లలు, గిన్నెలు, మడత మంచాలు, పరుపులు. పెళ్లయినా, మీటింగయినా, ఎవరైనా పోయినా వీళ్ల కుర్చీలు లేనిదే ఆ చుట్టుపక్కల జనం కూర్చోలేరు. సామాను తిరిగొచ్చి కడిగే రోజు ఆమెకు చేతినిండా పని, నోటినిండా కబుర్లు.

"చూశారా, ఈ కుర్చీ వెనక కాళ్లు వంగాయి. ఎవరో భారీ మనిషి వెనక్కి వాలి నిద్రపోయాడు. ఉపన్యాసం అంత చప్పగా ఉందన్నమాట" అనేది.

"మనకెందుకే?" అనేవాడు భర్త, చిన్న లారీలోంచి కుర్చీలు దింపుతూ.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఎక్కువసార్లు వచ్చిన మాట అదే. మంచి మనిషి, బండెడు చాకిరీ చేస్తాడు, పిడుగు పడ్డా పక్కకు తిరిగి చూడడు. ఆయన అడిగిన ప్రశ్నలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులోనూ సగం "అన్నం అయిందా?" అనేవే.

ఆమెకు ఈ ఆరాల జబ్బు అంటించింది మాత్రం బావ. తల్లి పోయాక ఆమెను అక్కే పెంచింది. అక్క మొగుడు తాళాలు బాగుచేసేవాడు. చిన్నప్పుడు ఆమె ఏమడిగినా విసుక్కోకుండా జవాబు చెప్పిన మనిషి ఆయనొక్కడే. తాళం ఎలా పడుతుందని అడిగితే, బేరం పక్కన పెట్టి తాళం విప్పి చూపించాడు. తెలియనిది అడిగితే "తెలియదమ్మా" అనేవాడు. పెద్దవాళ్ల నోట ఆ మాట ఆమె మరెక్కడా వినలేదు.

మహమ్మారి వచ్చింది. జనం గుమికూడడం ఆగిపోయింది. కొట్టులో కుర్చీల మీద కుర్చీలు పేరుకుపోయి సాలీళ్లకు కాపురాలయ్యాయి. భార్యాభర్తలిద్దరూ గుమ్మంలో కూర్చుని ఈగలు తోలుకుంటున్నారు. అలాంటి రోజుల్లో ఒక ఆఫీసరు ఫోన్ చేసి, ఉన్న మడత మంచాలన్నీ పరుపులతో సహా కావాలన్నాడు. అక్క వాళ్ల ఊళ్లో, అదీ అక్క వాళ్ల వీధి చివర స్కూల్లో, రోగుల కోసం కొత్త వార్డు తెరుస్తున్నారట. పెద్దాయనే స్వయంగా వస్తున్నాడట.

పెద్దాయన అంటే ఆ ప్రాంతానికంతటికీ నాయకుడు. జబ్బు మొదలైనప్పటి నుంచీ రోజూ టీవీలో కనబడి, మెత్తటి గొంతుతో "మీకు నేనున్నాను" అంటున్నాడు. ఆ మాట వినందే అక్కకు రోజు గడవదు.

మొగుడూ పెళ్లాలు మూతికి మాస్కులు కట్టుకుని, స్కూలు హాల్లో మంచాలు వరుసగా వేశారు. పరుపులు దులిపి తెల్ల దుప్పట్లు పరిచారు. తలుపు పక్కన వేసిన మంచానికి మాత్రం ఒక తెగులుంది. కాలి దగ్గర సీల వదులు. కూర్చుంటే కిర్రుమంటుంది. ఎన్నిసార్లు బిగించినా రెండు రోజులకు మళ్లీ అదే పాట.

కెమెరాలు తలుపు దగ్గరే ఉన్నాయి కాబట్టి పెద్దాయన వచ్చి సరిగ్గా దాని మీదే కూర్చున్నాడు. కిర్రుమంది. హాల్లో అందరూ బిగుసుకుపోయారు. ఆయన నవ్వి, "చూశారా, మంచం కూడా నన్ను పలకరిస్తోంది!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆరా పిన్ని కూడా నవ్వింది. ఎంత సరదా మనిషి అనుకుంది.

ఆయన కారు కదిలి దుమ్మింకా అణగలేదు, ఆఫీసరు వచ్చి, "లోడ్ చేసేయండి. రేపు పొద్దున పక్క ఊళ్లో" అన్నాడు.

"అదేంటి సార్? మరి ఇక్కడికి రోగులొస్తే?"

"అసలు మంచాలు దారిలో ఉన్నాయమ్మా. ఇవి ఇవాళ్టికే."

"ఎంత దారిలో ఉన్నాయి సార్?"

ఆఫీసరుకు ఫోన్ వచ్చింది. రాకపోయినా వచ్చినట్టే చెవి దగ్గర పెట్టుకున్నాడు.

లారీలో ఆమె నోరు ఊరుకోలేదు. "ఏమండీ, ఈ సంగతి పెద్దాయనకు తెలుసంటారా, తెలియదంటారా? కింది వాళ్లే ఆయన కళ్లకు గంతలు కట్టి తిప్పుతున్నారేమో! తెలిస్తే ఊరుకుంటాడా?"

"మనకెందుకే? చాలా రోజులకు బేరం వచ్చింది."

అప్పుడే అక్క ఫోన్ చేసింది. టీవీలో చూసిందట, గొంతులో సంబరం. "నువ్వు పరిచిన దుప్పట్లే కదే! బావకు నిన్నటి నుంచి జ్వరం, దగ్గు. సిటీలో పెద్దాసుపత్రికి పోదామా అనుకున్నాం. ఇక ఎందుకు? మంచాలు మన వీధి చివరే ఉంటే! ఎక్కువైతే నడిపించుకుని వెళ్లిపోతాను."

ఆ మంచాలు ఆమె వీపు వెనకే, లారీలో, తాళ్లతో కట్టేసి ఉన్నాయి. "అసలువి దారిలో ఉన్నాయట" అనబోయింది. ఆ "ట" దగ్గర నోరు ఆగిపోయింది. "జాగ్రత్తక్కా" అని పెట్టేసింది. తర్వాత తనమీద తనకే ఒళ్లు మండింది. ఊరందరినీ గుచ్చి గుచ్చి అడిగే మనిషి, అక్క అడగని దానికి జవాబు చెప్పలేకపోయింది.

రెండో ఊళ్లో ఆమె ఒక పని చేసింది. కిర్రుమనే మంచం మిగతా వాటిలో కలిసిపోతే, వెతికి పట్టుకుని మరీ తలుపు పక్కన వేసింది.

"దాన్నెందుకే మళ్లీ ముందుకు?" అన్నాడు భర్త.

"ఆయనకు తెలుసో తెలియదో ఇదే చెబుతుంది. నిన్న కూర్చున్న మంచం ఇవాళ ఇక్కడ కిర్రుమంటే, తెలియని మనిషైతే తెల్లబోతాడు. ఇదేంటయ్యా అని నలుగురినీ కేకలేస్తాడు."

ఆమె మనసంతా కేకలేస్తాడనే నమ్ముతోంది. ఆ కేకలు వినాలని చెవులు రిక్కించి గోడ పక్కన నిలబడింది.

పెద్దాయన వచ్చాడు. కూర్చున్నాడు. కిర్రుమంది. రెప్పపాటు ఆయన మొహంలో ఏమీ లేదు. తర్వాత నిన్నటి నవ్వే వచ్చింది. "చూశారా, మంచం కూడా నన్ను పలకరిస్తోంది!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆరా పిన్ని నవ్వలేదు.

కెమెరాలు బయటికి వెళ్లాక ఆయన ఒక్క క్షణం ఆమె దగ్గర ఆగాడు. ఆమె వదిలిపెట్టే రకమా? అడిగేసింది.

"అయ్యా, అసలు మంచాలు ఎప్పుడొస్తాయండీ?"

ఆయన విసుక్కోలేదు. అలసిపోయిన కళ్లతో, టీవీలో వినబడే ఆ మెత్తటి గొంతుతోనే చెప్పాడు. "వస్తాయమ్మా. ఎప్పుడో పైవాళ్లు నాకూ చెప్పడం లేదు. అందాకా జనం భయపడకూడదు కదా." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆ మంచానికి కాస్త నూనె వెయ్యండి. సాయంత్రం మూడో చోట మైకులు మరీ దగ్గరగా పెడతారు."

ఆరా పిన్ని జీవితంలో అడిగిన ప్రశ్నలకు లెక్కలేదు. జవాబు దొరికినందుకు ఏడుపొచ్చింది మాత్రం ఆ ఒక్కసారే. ఆయన అరిచినా బాగుండేది, అబద్ధమాడినా బాగుండేది. తనతో ఎంత మర్యాదగా నిజం చెప్పాడు! అదే నిజం బయట కెమెరాల ముందు చెప్పడానికేం? జనం భయపడకూడదట. భయపడాల్సిన అక్క భయపడకుండా ఇంట్లో కూర్చునుంది, అదీ వచ్చిన చిక్కు.

అక్కకు ఫోన్ కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కలిపింది. మళ్లీ అంతే.

మూడో ఊరికి అక్క వాళ్ల ఊరి మీదుగానే వెళ్లాలి. లారీ ఎక్కాక ఆమె జరిగిందంతా చెప్పింది, నూనె మాటతో సహా. భర్త మనకెందుకు అంటాడని ఆమె పళ్లు బిగించుకుని కూర్చుంది. అక్క వాళ్ల ఊరి మలుపు రాగానే ఆయన మారు మాట్లాడకుండా లారీని అక్క వీధిలోకి తిప్పాడు.

అక్క వాకిట్లోనే ఉంది, జుట్టు విరబోసుకుని. "స్కూలుకు తాళం వేసి ఉందే! తలుపులు బాదాను, ఎవరూ లేరు. కిటికీలోంచి చూస్తే హాలంతా ఖాళీ!" లోపల బావ గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కో ఊపిరినీ బావిలోంచి తోడుతున్నట్టు లాగుతున్నాడు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. బావకు అంత నిలకడ లేదు.

భర్త తాళ్లు కోసేశాడు. విప్పే ఓపిక లేక కోసేశాడు. మంచాలన్నీ అక్క వాకిట్లోకి విసిరేస్తుంటే ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. చివరికి లారీలో ఒక్క మంచం మిగిల్చారు. తలుపు దగ్గరే ఉండడంతో ముందుగా ఎక్కించి, అన్నిటికీ లోపల పడిపోయిన ఆ తలుపు పక్క మంచం. దాని మీద పరుపేసి బావను పడుకోబెట్టారు. కిర్రుమంది.

లారీ సిటీ దారి పట్టింది. అక్క తల దగ్గర కూర్చుంది, ఆరా పిన్ని కాళ్ల దగ్గర. ప్రతి గతుకుకూ మంచం మూలిగింది. బావ కళ్లు తెరిచి, మాట మాటకూ ఆగుతూ అడిగాడు.

"టీవీలో... చూపించిన మంచాలు... ఏమయ్యాయమ్మా?"

"ఇదే బావా. నువ్వు పడుకున్నదే."

బావ నవ్వబోయి దగ్గాడు. అప్పుడు ఫోన్ మోగింది. ఆఫీసరు. పెద్దాయన వచ్చేశాడు, కెమెరాలొచ్చేశాయి, లైవు మొదలవుతుంది, మీరెక్కడ చచ్చారు, మంచాలెక్కడ?

"మంచం మీద రోగి ఉన్నాడు సార్" అంది ఆరా పిన్ని. "దించమంటారా?"

ఆమె జీవితంలో మొదటిసారి జవాబు కోసం ఆగకుండా ఫోన్ పెట్టేసింది.

పెద్దాసుపత్రిలో బావకు ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆగి ఉంటే మాకు పనుండేది కాదని నర్సు అక్కకు నిష్ఠూరంగానే చెప్పింది. ఇప్పుడు గండం గడిచినట్టేనంది. అక్క నేలమీదే కూలబడి ఏడ్చింది. ఆరా పిన్ని పక్కనే కూర్చుని, అనుమానం వచ్చినప్పుడే నీకు చెప్పలేదక్కా అని తానూ ఏడ్చింది.

వరండాలో గోడకు టీవీ ఉంది. అందులో సాయంత్రం లైవునే మళ్లీ చూపిస్తున్నారు. పెద్దాయన, వెనక ఖాళీ హాలు. దాచడానికి ఒక్క దుప్పటైనా లేదు. ఆయన మైకు ముందు చాలాసేపు నీళ్లు నమిలాడు. చివరికి, "ఇక్కడ ఇంకా మంచాలు లేవు. నిన్న, ఇవాళ తెరిచిన చోట్ల కూడా లేవు. ఎప్పుడొస్తాయో నాకు తెలియదు. ఒంట్లో బాగా లేనివాళ్లు ఆగకండి, పెద్దాసుపత్రికి వెళ్లిపోండి" అన్నాడు. గొంతు మెత్తగా లేదు, బొంగురుగా ఉంది.

టీవీ కింద నిలబడ్డ జనం ఎవరూ గుండె పగిలి చావలేదు. ఒకావిడ మాత్రం వెంటనే ఫోన్ తీసి, "నాన్నను బయల్దేరదీయండి, ఇప్పుడే" అని ఎవరికో చెప్పింది.

తెలియదు అన్న మాట ఒక పెద్దమనిషి నోట విని ఎన్నేళ్లయిందో ఆరా పిన్ని లెక్కవేసుకుంటోంది. పక్కన భర్త నడుం పట్టుకుని, టీవీకేసే చూస్తున్నాడు. రెండు రోజులుగా ఎక్కించి దించిన మంచాలన్నీ ఆయన మొహంలో కనబడుతున్నాయి. ఎన్నడూ లేనిది ఆమె వైపు తిరిగి అడిగాడు.

"ఈ ఒక్క ముక్క చెప్పలేకనా, నాచేత ఇన్ని మంచాలు మోయించాడు?"