ఇరవై ఆరు చాపల గుడి

తడిసిన తుంగచాప వాసన ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఎండుగడ్డి మీద మొదటి చినుకులు పడ్డట్టు ఉంటుంది, లోపలెక్కడో కొంచెం చేపల చెరువు కూడా ఉంటుంది. నిన్న పొద్దున డ్యూటీకి వస్తుంటే ఏలూరు పాత బస్టాండు దగ్గర ఒకాయన సైకిలు మీద చాపలు పెట్టుకుని, వానకి ఒక కొట్టు చూరు కింద నిలబడి ఉన్నాడు. నేనూ అదే చూరు కిందకి దూరాను. ఆ వాసన తగలగానే నాకు వానా గుర్తులేదు, డ్యూటీ గుర్తులేదు. "కొల్లేరు తుంగేనాండీ?" అని అడిగాను. "కాకపోతే ఇంత బరువుంటదా అమ్మా, ఎత్తి చూడు" అన్నాడు. ఎత్తి చూశాను. ఒకటి కొనేశాను. ఇప్పుడు అది ఆసుపత్రిలో నా కౌంటరు వెనక గోడకి ఆనించి ఉంది. వచ్చేపోయేవాళ్ళకి ఇక్కడ మందుల వాసన. నాకు మాత్రం రెండ్రోజులుగా పాస్టరమ్మగారి వాసన.

మాది చింతలపూడి దాటి ఇంకా పైకి వెళితే, బొగ్గు గని పక్కన ఉన్న ఊరు. ఉండిన ఊరు అనాలి. ఇప్పుడు అక్కడ ఊరి బదులు పెద్ద గొయ్యి ఉంది, గొయ్యి పక్కన ఊరంత ఎత్తు మట్టిదిబ్బ ఉంది. గని మా వైపు జరుగుతుందని నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉండేవారు. పేలుడు జరిగినప్పుడల్లా గిన్నెలు గలగలమనేవి, మా అమ్మ "ఆ వచ్చేస్తున్నారు చుట్టాలు" అని వెక్కిరించేది. ఆ ఊళ్ళో మాకొక పెంకుటి గుడి ఉండేది. మేం చర్చిని గుడి అనే అంటాం. దాని ముందు తాటాకుల పందిరి. గుడిని చూసుకునేది సుగుణమ్మగారు. అయ్యగారు, అంటే వాళ్ళాయన, నేను పుట్టకముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆదివారం పక్క ఊరి నుంచి వేరే అయ్యగారు వచ్చి ఆరాధన చేసి వెళ్ళేవారు. మిగతా ఆరు రోజులూ గుడి ఆవిడదే. అందరికీ ఆవిడ పాస్టరమ్మగారు.

ఆవిడది కొల్లేటి లంక. అక్కడి మాటే వేరు. మా వైపు మనుషులు పిలిస్తే పొలం దాకా వినపడాలి. ఆవిడ మాత్రం మేకని కూడా "ఏవండీ, అటు జరగండి" అంటుందేమో అన్నట్టు మాట్లాడేవారు. ఏటా ఒకసారి పుట్టింటికి వెళ్ళి, బస్సు పైన కట్టించుకుని చాపలు తెచ్చేవారు. మా గుడిలో కుర్చీలు లేవు, చాపలే. లోపల పదహారు, పందిట్లో పది. ఆవిడకి గుడంటే అడుగులూ గజాలూ కాదు. ఎవరైనా అడిగితే "మాది ఇరవై ఆరు చాపల గుడండీ" అనేవారు.

నా చోటు ఎప్పుడూ పందిట్లోనే. లోపల కూర్చుంటే పక్కవాళ్ళతో మాట్లాడుతున్నానని బయటికి పంపేసేవారు. గుడికి కరెంటు మైకు వచ్చాక కూడా నా పేరు మైకు దీవెనే. పందిట్లో పిల్లల తల్లులు ఉండేవారు, కూలి నుంచి ఆలస్యంగా వచ్చి బురద కాళ్ళతో లోపలికి రావడానికి మొహమాటపడేవాళ్ళు ఉండేవారు, మా మతం కాకపోయినా పాట వినడానికి వచ్చి చివర కూర్చునేవాళ్ళు ఉండేవారు. పందిరి దూలానికి చీరలతో ఉయ్యాలలు కట్టేవారు. ప్రసంగం లోపల, ఏడుపులు బయట. ఆ ఏడుపులన్నిటి మధ్యా పాస్టరమ్మగారు ఒక చేత్తో బైబిలు పట్టుకుని, ఇంకో చేత్తో ఎవరిదో ఉయ్యాల ఊపుతూ ఉండేవారు.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఊరు లేపేస్తున్నట్టు ఖాయమైంది. ఇంటర్ తప్పి ఇంట్లోనే ఉన్నాను. ఇళ్ళతో పాటు గుడి కూడా పోతుందని, కొత్త కాలనీలో అంతే గుడి కట్టిస్తామని గని వాళ్ళు చెప్పారు. ఎంత ఉంటే అంత. అందుకే కొలతల వాళ్ళు వచ్చే రోజు కోసం పెద్దవాళ్ళందరూ ఎదురుచూశారు. వాళ్ళేమో చెప్పిన రోజు కాకుండా ముందు రోజే వచ్చేశారు. మనుషులు పత్తి చేలల్లో ఉన్నారు. పాస్టరమ్మగారు కళ్ళు చూపించుకోవడానికి ఏలూరు వెళ్తూ తాళంచెవి నాకిచ్చి వెళ్ళారు.

ఇద్దరొచ్చారు. ఒకాయన టేపు పట్టుకున్నాడు, ఇంకొకాయన కాగితం. నేను తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, ఊరి సంగతులన్నీ చెప్పేస్తున్నాను. కాగితం ఆయన పందిరి వైపు చూసి, "ఇదెప్పుడు వేశారమ్మా?" అన్నాడు.

"మొన్న క్రిస్మస్‌కేనండీ" అన్నాను.

అది అబద్ధం కాదు. ఏటా క్రిస్మస్‌కి కొత్త ఆకు వేస్తాం. నేను ఆకు సంగతి చెప్పాను, ఆయన పందిరి సంగతి రాసుకున్నాడు. పదిహేను రోజుల తర్వాత పంచాయతీ గోడకి జాబితా అంటించారు. గుడి లోపలి కొలతే ఉంది. పందిరి దగ్గర "తాత్కాలికం" అని రాసి ఉంది. అంటే కొత్త ఊళ్ళో మాకు పదహారు చాపల గుడి. మిగతా పది చాపల మనుషులు ఎక్కడ కూర్చోవాలి? అందులో మా అమ్మ ఒకతె. నేనొకదాన్ని.

సంఘ పెద్ద ఒకాయన అందరి ముందూ, "మైకుకి తాళంచెవి ఎవరిచ్చారయ్యా?" అని అరిచాడు.

"నేనే ఇచ్చానండీ" అన్నారు పాస్టరమ్మగారు. "తలుపు తియ్యమని ఇచ్చాను. తీసింది కదండీ."

నేను ఇంటికి పోయి మంచం కింద దూరుదామా అన్నట్టున్నాను. సాయంత్రం ఆవిడే మా ఇంటికి వచ్చారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. "దా" అని పందిట్లోకి తీసుకెళ్ళారు.

"పందిరి చూసి చెప్పావా, చూడకుండా చెప్పావా?"

"రోజూ చూసేదే కదండీ."

"అందుకే చూడలేదు నువ్వు. ఇప్పుడు చూడు."

చూశాను. ఏం చూడాలో తెలియక ఆకు చూశాను, గుంజలు చూశాను. జనం వీపులు ఆనించీ ఆనించీ గుంజలు ఒక ఎత్తు వరకు నున్నగా మెరుస్తున్నాయి. ఆవిడ ముక్కాలి పీట తెచ్చి వేసి, ఎక్కి దూలం మీద చెయ్యి పెట్టమన్నారు. దూలం పైవైపు గాళ్ళు పడి ఉన్నాయి. నా వేలు సగం దిగేంత లోతు. వరసగా ఆరు. అన్నేళ్ళుగా ఉయ్యాలలు కట్టిన ముడులు కోసుకుపోయిన గుర్తులు. పద్దెనిమిదేళ్ళు దాని కింద కూర్చున్నాను, ఒక్కసారి కూడా తల పైకెత్తలేదు.

"ఆ చివరిది నీది" అన్నారు ఆవిడ. "అప్పుడూ నోరు మూసేదానివి కాదు."

నేను పీట మీదే నిలబడి ఏడ్చాను. ఆవిడ కింద నుంచి పీట కదలకుండా పట్టుకున్నారు.

జాబితా మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి స్కూల్లో మీటింగు పెట్టారు. పెద్దవాళ్ళు మాట్లాడతారనుకున్నాను. పాస్టరమ్మగారు నన్ను ముందుకి తోశారు. "చెప్పింది నువ్వు. మార్చి చెప్పాల్సిందీ నువ్వే." నా జీవితంలో మాట రాని రోజు అదొక్కటే. కుర్చీలో గని తరఫు ఇంజనీరుగారు, కళ్ళజోడు ఆయన, కూర్చుని ఉన్నారు.

"అయ్యా, పందిరి సంగతి నేను తప్పు చెప్పానండీ."

"అప్పుడలా చెప్పి ఇప్పుడిలా చెబితే ఏది నమ్మాలమ్మా?"

వెనక ఎవరో నవ్వారు. నేను పాస్టరమ్మగారి వైపు చూశాను. ఆవిడ వేలితో తన కళ్ళు చూపించారు.

"నా మాట నమ్మొద్దండీ" అన్నాను. "వచ్చి చూడండి."

ఆయన వచ్చారు. మంచి మనిషి, అలా అని నవ్వే మనిషి కాదు. మేం వెళ్ళేసరికి పాస్టరమ్మగారు ముందే మనిషిని పంపి చాపలన్నీ పరిపించేశారు. లోపల పదహారు, బయట పది. ఆదివారం కాకపోయినా జనం ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు.

"అమ్మా, నాకు అడుగుల్లో కావాలి" అన్నారు ఇంజనీరుగారు.

"మీరు అడుగులేసుకోండి బాబూ, మేం చాపలేశాం" అన్నారు ఆవిడ.

ఆయన పీటెక్కి దూలం తడిమారు. గాడిలో వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. కింద కూర్చున్న ఒక ముసలమ్మ, "నన్నూ ఆ దూలానికే కట్టి ఊపారయ్యా. ఇప్పుడు నా మనవరాల్ని ఊపుతున్నాం" అంది. ఆయన దిగి, టేపు తీసి, పందిరి కొలిచారు. ఆ టేపు గుంజ నుంచి గుంజకి సాగుతున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అన్ని రోజులుగా ఛాతీలో పెట్టుకు తిరుగుతున్న రాయి ఆ చప్పుడుకి జారి కింద పడిపోయింది.

పాత గుడి తియ్యాల్సిన రోజు వచ్చింది. గని వాళ్ళు పడగొట్టే మిషను పంపిస్తామన్నారు. పాస్టరమ్మగారు ఒక్క వారం ఆగమని బతిమాలారు. "మా లంకలో నీళ్ళొచ్చిన ఏడాది మా నాన్న ఇల్లు విప్పి పడవలో వేసుకున్నాడండీ. కూలిపోయిందని ఎవరూ ఏడవలేదు. విప్పుకున్నాం, అంతే" అన్నారు మాతో. అలాగే మా చేతులతో విప్పాం. పెంకులు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకున్నాం. చివరికి చాపలు చుట్టాం. మిషను వచ్చేసరికి నాలుగు మొండిగోడలే ఉన్నాయి. అవి పడుతుంటే మేం అక్కడ లేము, ట్రాక్టరులో చాపల మీద కూర్చుని కాలనీకి వెళ్తున్నాం. ఏడుపు రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ ట్రాక్టరులో పాట కూడా పాడాం.

కొత్త గుడి తలుపు తెరిచిన రోజు అందరూ గోడలు చూశారు, రంగు చూశారు. నేను చాపలు చూశాను. లోపల పదహారు పట్టాయి. ముందు స్లాబు వేసిన వరండా ఉంది. ఒకటి, రెండు, మూడు అని పరుస్తూ వెళ్ళాను. పదో చాప అంచు మెట్టు దగ్గరికి వచ్చి ఆగింది. నేను దాని మీదే కూలబడిపోయాను. అప్పుడు సంఘ పెద్ద పైకి చూసి, "ఇక్కడ ఫ్యాన్లు రెండే కదండీ, కొక్కేలు ఎనిమిదెందుకు పెట్టారు?" అన్నాడు.

ఇంజనీరుగారు వెనక నిలబడి ఉన్నారు. "ఫ్యాన్లకి రెండేనండీ" అని, పాస్టరమ్మగారి వైపు చూశారు. ఆవిడ ఆరు వేళ్ళు ఎత్తి చూపించారు. నవ్వని ఆ మనిషి అప్పుడు నవ్వారు.

తర్వాత నాకు పెళ్ళయి ఇటొచ్చేశాను. మా ఆయన పెదవేగి వైపు పామాయిలు తోటల్లో ట్రాక్టరు తోలతాడు. పాస్టరమ్మగారు చూపు బాగా తగ్గి లంకలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. ఆవిడ చనిపోయే ముందు ఒకసారి అక్కడికి వెళ్ళి చూశాను. నా గొంతు వినగానే, "వచ్చిందండీ మైకు" అన్నారు. కాసేపటికి, "మన గుడిలో ఇప్పుడు ఉయ్యాలలు ఎన్ని కడుతున్నారే?" అని అడిగారు. నాలుగండీ అనబోయాను, నోటి దాకా వచ్చింది. "ఆదివారం వెళ్తున్నానండీ, చూసి చెప్తాను" అన్నాను. ఆవిడ నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నారు. ఆదివారం కాలనీకి వెళ్ళి, చూసి, ఫోను చేశాను. "అయిదండీ." అటు నుంచి, "హమ్మయ్య" అన్నారు. ఆవిడతో నా చివరి మాట అదే. అది ఏడుపు మాట కానందుకు నాకు ఎంత నిమ్మళమో.

కాలనీ గుడిలో ఒక చాప అంచు చినిగిందని మా అమ్మ చెప్పింది. ఈ ఆదివారం కొత్తది పట్టుకెళ్తున్నాను. ఇందాక ఇది రాసుకుంటుంటే ఒక పెద్దాయన కర్ర ఊనుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చి, "డాక్టరుగారు ఉన్నారా అమ్మా? లేకపోతే ఇప్పుడే గూడెం బస్సెక్కేస్తాను" అన్నారు. ఉదయం చూసినప్పుడు లేరు. లేరండీ అని చెప్పేస్తే సరిపోయేది.

"కూర్చోండి తాతయ్యా, చూసి చెప్తాను" అన్నాను.

లేచి, వరండా చివరి దాకా వెళ్ళి, డాక్టరుగారి గది తలుపు తోసి చూశాను. ఉన్నారు.