ముట్టుకోని నుదురు

మొన్న ఆదివారం మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు, విశ్వాసి అనుదినం మెలకువగా ఉండాలని ప్రసంగిస్తూ, ముందు వరుసలో కునుకు తీస్తున్న మా ముసలివాళ్ళ వైపు చూసి నవ్వితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, కళ్ళు తెరుచుకునే నిద్రపోయిన ఒక మధ్యాహ్నం గుర్తొచ్చి తర్వాతి పాటలో గొంతు కలపలేకపోయాను.

ముదిగొండ దగ్గర పుట్టి పెరిగిన నాకు నర్సుగా మొదటి ఉద్యోగం భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న చిన్న దవాఖానాలో దొరికింది. అక్కడి పెద్ద సిస్టరు నన్ను సొంత చెల్లెలిలా చూసుకునేది. పొద్దున తలుపులు తీయకముందే ఇద్దరం మోకరించి, ఈ రోజు మా గడప తొక్కే మనిషిని సరిగ్గా చూసే కళ్ళివ్వమని దేవుణ్ణి అడిగేవాళ్ళం. మొదటి ఏడాది ఆ మాట నిజంగానే అడిగాను. తర్వాత ఎప్పుడు మొదలైందో చెప్పలేను గాని, పెదవులు ప్రార్థిస్తుంటే మనసు బస్సు వేళల మీదా, ఉతకాల్సిన యూనిఫాం మీదా తిరిగేది. ఆదివారం ఆరాధన ఒక్కటీ తప్పలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను.

ఆ డిసెంబరులో ఖమ్మంలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు, అందులో ఒక చరణం నేనొక్కదాన్నే పాడాలి. పెద్ద సిస్టరు సెలవులో ఉంది, డాక్టరు మీటింగుకు పోయారు. నేను సంచి తగిలించుకుని బయటికి వస్తుంటే, అడవి లోపలి కోయగూడెం నుంచి ఒక తల్లి మూడేళ్ళ కూతుర్ని ఎత్తుకుని వచ్చింది.

"జరమొచ్చింది సిస్టరమ్మా. పొద్దుగాల్నుంచి కండ్లు తెరుస్తలేదు."

"డాక్టర్ సారు లేడు. రేపు పొద్దుగాల తీస్కరా," అని రెండు మాత్రలు చేతిలో పెట్టి, పిల్ల నుదురైనా ముట్టుకోకుండా బస్సెక్కాను. దారి పొడుగునా ఆ చరణమే పాడుకున్నాను.

మర్నాడు వచ్చేసరికి వరండా ఊడుస్తున్న ఆయమ్మ అంది: "నువ్వు పోయినంక గూడ ఆమె పొద్దుగూకేదాంక గీ అరుగు మీదనే కూసుంది సిస్టర్. ఇయ్యాల రాలే."

సంచి అక్కడే పడేసి కోయగూడెం దారి పట్టాను. వాగు దాటి రెండు గంటలు, సగం నడక, సగం పరుగు. ప్రార్థిద్దామంటే ప్రభువా అన్న పిలుపు దాటి ఒక్క మాట రాలేదు. గుడిసెలో పిల్ల కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. భుజాన వేసుకుని, వెనక ఆ తల్లి ఏడుస్తూ వస్తుంటే, రోడ్డు దాకా మోసుకొచ్చి, వెదురు లారీని ఆపి భద్రాచలం తీసుకుపోయాను. మలేరియా మెదడుకెక్కిందనీ, నిన్ననే తెచ్చి ఉంటే బాగుండేదనీ అక్కడి డాక్టరు నాతో మెల్లగా అన్నారు.

పిల్ల బతికింది. కుడి చెయ్యీ, సరైన మాటా మాత్రం తిరిగి రాలేదు.

"నువ్వు మోసుకరాకపోతే నా బిడ్డ దక్కకపోతుండె సిస్టరమ్మా," అని ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ రోజు పాట కోసం పోకుండా పిల్లను చూసి ఉంటే చెయ్యీ మాటా పోయేవి కావని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. అంతకన్నా ఘోరం, క్రిస్మస్ రోజున పెద్ద సిస్టరు లేచి, నేను పిల్లను మోసుకొచ్చిన సంగతి సంఘమంతటికీ సాక్ష్యంగా చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. నేను తలొంచుకుంటే వినయమనుకున్నారు. ఆ రాత్రి మొదలు ఎన్నేళ్ళు మోకరించినా, దేవుడు నా వైపు కాక ఆ అరుగు వైపు చూస్తున్నాడనే అనిపించేది.

ఇల్లందుకు బదిలీ, పెళ్ళి, పిల్లలు, రిటైర్మెంటు అన్నీ అయ్యాక, రెండేళ్ళ కింద ధైర్యం చేసి ఆ గూడేనికి పోయాను. తల్లి చనిపోయి చాలా కాలమైందట. నలభైకి దగ్గరపడిన ఆ కూతురు ఎడమ చేత్తో చెంబెడు నీళ్ళు తెచ్చిచ్చి, నేను ఆ దవాఖానాలో నర్సుగా చేశానని చెప్పగానే నా ముఖం చూసి, మాట కూడగట్టుకుని అడిగింది.

"నన్ను... ఎత్తుకొచ్చిన సిస్టరమ్మవు నువ్వేనా? అమ్మ... చెప్పేది."

"అవ్, నేనే," అన్నాను. చెంబు ఎత్తి నీళ్ళన్నీ తాగాను.

వాగు మీద వంతెన పడింది, ఫోను చేస్తే అంబులెన్సు గుమ్మం ముందుకొస్తుంది, ఆనాడు రెండు గంటలు నడిచిన దారి ఇప్పుడు బండి మీద పది నిమిషాలు. అంత దగ్గరికి పోయి కూడా, చెప్పాల్సింది చెప్పకుండానే తిరిగొచ్చాను.