నలభై షరతులు, మూడు మడవలు

డెబ్భైల్లో విశాఖలో కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాణ్ణి. నాలుగు నెలలు కష్టపడి రాసినదాన్ని మా ఆఫీసరు పది నిమిషాల్లో పక్కన పడేశాడు. ‘ఇలా అయితే అలా చెయ్యి’ అనే షరతులు పది దాటితే ప్రోగ్రాము చిక్కుముడేనని ఆయన లెక్క. నా దాంట్లో నలభై పైనే ఉన్నాయి. వారంలో షరతులు తగ్గించకపోతే చెత్తబుట్టలో వేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

శనివారం బస్సెక్కి మావయ్య వాళ్ల ఊరు చోడవరం వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే మావయ్య వెంట పొలాలకి వెళ్లాను. చెరకుకీ వరికీ వంతుల ప్రకారం కాలువ నీరు వదిలేది ఆయనే. గట్టు పొడుగునా పొలానికొక మడవ, మట్టి తీస్తే నీరు మళ్లే దారి.

“ఇన్ని మడవలు ఎలా గుర్తుంటాయి మావయ్యా?”

“ఇయ్యేటి కష్టం? ఒకదానెనక ఒకటి, ఏ గుంటడైనా తిప్పేస్తాడు. అదిగో, ఆ మూడూ సూడు. అయ్యిరా కష్టం. పార అందుకో.”

ఒకటి తెరిచి, పక్కది మూశాను. నీరు ముందుకి పోలేదు. మూడోదాంట్లోంచి చుట్టు తిరిగి నా వెనక ఉన్న మడిలోకి పారింది. ఆయన నవ్వి, రెండు పారల మట్టితో సర్దేశాడు.

“లెక్కెట్టకురా. ఏడాదికోసారి కొత్తోడికి పారిచ్చి గట్టుమీద కూకుంటాను. ఆడెక్కడ ఆగిపోతాడో అదే కష్టం.”

బడి ముఖం చూడని మనిషి మా ఆఫీసు మొత్తాన్నీ ఒక్క మాటలో దాటేశాడు.

సోమవారం ఒక చిన్న మార్పు చెప్పి, నా ప్రోగ్రాము కొత్తగా చేరినాయన చేతిలో పెట్టాను. నలభై షరతులున్న భాగం టీ వేళకే దాటేశాడు. చివరి పేజీ దగ్గర సాయంత్రం దాకా తల పట్టుకున్నాడు. అక్కడున్నవి మూడే షరతులు, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దూకుతూ. ఎంత పొట్టిగా రాశానో అని నేను అందరికీ చూపించుకున్న పేజీ అదే. సిగ్గేసింది.

ఆ మూడింటినీ విడదీసి పదకొండు చేశాను. కొత్తాయన అరగంటలో మార్పు పూర్తి చేశాడు. ఆఫీసరు పక్కనే నిలబడి చూసి, ప్రోగ్రాము వాడుకోవచ్చని సంతకం పెట్టాడు.

ఆదివారం మావయ్యకి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు.

“నువ్వు నేని రోజున కూడా పారతాదా?”

నేను లేకపోయినా పారుతుంది మావయ్యా, అన్నాను.