హాలియా నుంచి మక్తల్ దాకా, బస్సు పడని మనిషి ప్రయాణం

నాకు బస్సు పడదు. ఎక్కిన అరగంటకు నోట్లో నీళ్లూరుతాయి, చెవుల వెనక చెమట పడుతుంది, ఆ తర్వాత ఏం జరుగుతుందో నాలాంటి వాళ్లందరికీ తెలుసు. ఈ రాత వాళ్ల కోసమే. హాలియా నుంచి దేవరకొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్ మీదుగా మక్తల్‌కు ఒక్క పగటిలో ఎలా వెళ్లవచ్చో చెబుతాను. దారంతా నాతో వచ్చిన కోపం గురించి కూడా చెబుతాను. ఆ కోపమే లేకపోతే నేను ఇల్లు కదిలేదాన్ని కాదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాను. రక్తం తీయడం, పరీక్షలు చేయడం నా పని. మా అమ్మ సాగర్ కాలువ కింద నాట్లేసి, కలుపు తీసి నన్ను చదివించింది. నల్లగొండలో మొదటి ఇంటర్వ్యూకు వెళ్లిన రోజు బస్సు దిగేసరికి నా ముఖం పాలిపోయి ఉంది, చున్నీ అంచు తడిసి ఉంది. లోపల కూర్చున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి పెళ్లయిందా అని అడిగాడు. కాలేదన్నాను. పక్కనున్న ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నన్ను వరండాలోకి తీసుకుపోయి గొంతు తగ్గించి, "ఎన్నో నెల? దాయకు" అంది. తల దించుకుని ఇంటికొచ్చాను. ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. ఒకవేళ నేను నిజంగానే కడుపుతో ఉంటే మాత్రం? కడుపుతో ఉన్న మనిషి సూది పట్టుకోలేదా? ఈ ప్రశ్న ఆ రోజు తట్టలేదు. తట్టినప్పటి నుంచి మాత్రం ఒళ్లు మండుతూనే ఉంది.

ఇంటికొస్తే మా మేనమామ ఇంకో రకం. "బస్సెక్కితే కక్కేదానికి నౌకరెందుకే? ఊర్లెనే ఏదన్న దుకాణంల కూసో" అన్నాడు. అమ్మ అలా అనలేదు కానీ, ప్రయాణమున్న పొద్దున నాకు మంచినీళ్లు కూడా ఇచ్చేది కాదు. కడుపులో ఏమీ లేకపోతే బయటికేమీ రాదని ఆమె నమ్మకం. ఉన్నచోటే ఉండిపోతే ఏ బాధా లేదని అందరూ తేల్చేశారు. కొన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను.

దసరా పోయాక మక్తల్‌లో ఒక చిన్న ల్యాబ్ వాళ్లు ఫోన్ చేశారు. నాతో చదివిన అమ్మాయి నా పేరు చెప్పిందట. వచ్చే నెల మొదట్లో రమ్మన్నారు. ఫోన్ పెట్టేశాక, సైకిల్ నేర్చుకున్నట్టు బస్సులో కూర్చోవడం కూడా నేర్చుకోవచ్చు కదా అనిపించింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి ఖర్చు లేదు. మొదట పెద్దవూర దాకా వెళ్లి వచ్చాను. తర్వాత మల్లేపల్లి దాకా. రెండుసార్లు వాంతి అయింది, మూడోసారి కాలేదు. ఖాళీ కడుపుతో వెళ్లిన రోజే ఎక్కువ తిప్పుతోందని, ఫోన్ చూస్తే పని అయిపోయినట్టేనని, ముందు కూర్చుని దూరంగా రోడ్డు మీద చూపు నిలిపితే కడుపు మాట వింటుందని ఇలా వెళ్లి వస్తూనే తెలుసుకున్నాను. ఒకసారి వెనక సీట్లోంచి ఎవరో, "ఫ్రీ బస్సు పెట్టిన కాంచి ఆడోళ్లు పనిలేక తిరుగుతున్నరు" అన్నారు. నేను చేస్తున్నంత పని ఆ బస్సులో ఎవరూ చేయడం లేదని చెప్పాలనిపించింది. నోరు తెరిస్తే ఏమవుతుందోనని ఊరుకున్నాను.

ప్రయాణం రోజు తెల్లవారకముందే అమ్మ బస్టాండు దాకా వచ్చింది. నా చేతిలో జొన్నరొట్టె చూసి కంగారు పడింది.

"తినకు బిడ్డా, తొవ్వల ఇబ్బందైతది."

"తింటనమ్మా. తిన్ననాడే తక్కువైతాంది."

"నీ ఇష్టం" అంది కానీ, బస్సు కదిలేదాకా నా నోటి వైపే చూస్తూ నిలబడింది.

ఆరు గంటల ప్రాంతంలో హాలియా నుంచి దేవరకొండకు బస్సు దొరుకుతుంది. ఎక్కగానే డ్రైవర్‌తో, "అన్నా, నాకు బస్సు పడది. ముందల కూసుంట" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, "కూసో చెల్లె. ఊదుబత్తి వాసన పడ్తదా?" అని అడిగాడు. పడదన్నాను. అద్దం దగ్గర పటం ముందు వెలుగుతున్న ఊదుబత్తిని వేళ్లతో ఆర్పేసి, "దేవుడేమనుకోడు తీ" అని గేరు వేశాడు. అడిగితే ఇంత సులభంగా అయిపోయే పనిని అడగకుండా నేనెన్నేళ్లు గడిపానో తలుచుకుంటే, నా మీదే కోపమొచ్చింది.

హాలియా దాటిన కాసేపటి వరకు రెండు వైపులా కోతకొచ్చిన వరి, కాలువ నీళ్లు. మల్లేపల్లి చేరేసరికి అవి పోయి వానమీద పండే ఎర్ర చెలకలు, విచ్చుకున్న పత్తి కనిపిస్తాయి. ఎనిమిదిన్నరకల్లా దేవరకొండలో దిగాను. బస్టాండు ఎదుట చిన్న హోటల్లో ముప్ఫై రూపాయలకు ఇడ్లీ తిన్నాను, చట్నీ వద్దన్నాను. వడ్డించే ఆమెకు కష్టమనిపించినట్టుంది. "చట్నీ బాగలేదా?" అంది. బస్సు పడదని చెప్పాను. "మా ఆయనకు గూడ పడది. లారీ నడుపుతడు గని బస్సుల కూసోలేడు" అని నవ్వింది. మగవాడికి పడకపోతే నవ్వే విషయం, ఆడదానికి పడకపోతే విచారణ. పైకి మాత్రం ఆమెతో నేనూ నవ్వాను.

దేవరకొండ నుంచి కల్వకుర్తి దాకా గంటన్నర ప్రయాణం. గుట్టలు, డిండి దగ్గర నీళ్లు, మళ్లీ చెలకలు. ఆ ముక్క చాలా బాగా గడిచింది. నేనిక మామూలు మనిషినైపోయాననుకున్నాను. కల్వకుర్తిలో మహబూబ్‌నగర్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంటే, ఆలస్యమవుతుందని పరుగెత్తి ఎక్కాను. నేను చేసిన తప్పు అదే. బస్సు కిక్కిరిసి ఉంది. ముందు సీట్లో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, ఆయన పక్కన ఆయన సంచి కూర్చుని ఉన్నారు.

"అన్నా, జర సంచి తీస్తే కూసుంట. నాకు బస్సు పడది."

"ఎనక నిలబడ జాగున్నది, పో."

"ఎనకైతే వాంతైతది."

"ఆడోళ్లకు టికెట్టు ఫ్రీ. ఇంక సీటు గూడ ఏరి ఇయ్యాల్నా? పైసలు పెట్టి టికెట్టు కొన్నోన్ని నేను."

"సంచికి గూడ కొన్నవా?" అన్నాను.

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. సంచి మాత్రం కదల్లేదు. కండక్టర్ వెనకెక్కడో టికెట్లు కొడుతున్నాడు. ఇంజను పక్కన ఒక అవ్వ సీతాఫలాల గంప ముందు పెట్టుకుని కింద కూర్చుంది. నేను ఆమె పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. పండిన సీతాఫలాల వాసన, డీజిలు, ఎవరి తలలోనో వాడిన చామంతులు, వీటన్నిటి మీద ఎండ. నా చెవుల వెనక చెమట మొదలైంది. అవ్వ నా ముఖం చూసింది.

"ఎన్నో నెల బిడ్డా?" అని అడిగింది. పాపం, ప్రేమగానే అడిగింది.

నల్లగొండ వరండాలో మింగిన మాటంతా ఒక్కసారి పైకొచ్చింది. "నెల లేదు, ఏం లేదు అవ్వా. నాకు బస్సు పడది. గంతే!" అని బస్సంతా వినబడేట్టు అన్నాను. ఆ వెంటనే, "ఆపన్నా!" అని అరిచాను.

జడ్చర్ల ఇంకా రాలేదు. పత్తి చేను పక్కన బస్సు ఆగింది. నేను దిగి చేయాల్సింది చేశాను. సీసాలో నీళ్లతో ముఖం కడుక్కుంటుంటే కిటికీలోంచి ఇస్త్రీ చొక్కా ఆయన గొంతు వినబడింది. "ఒక్కదాని కోసం ఇంతమందిని ఆపుతరా? గిసొంటోళ్లు ఇంట్ల ఉండాలె."

ఇదివరకైతే అక్కడే ఏడ్చి, ఎదురొచ్చే బస్సెక్కి ఇంటికి తిరిగిపోయేదాన్ని. ఆ రోజు మెట్లెక్కి ఆయన ముందు నిలబడ్డాను.

"నేను నౌకరి కోసం పోతున్న. ఇంట్ల ఉండాలెనో ఉండొద్దో చెప్పనీకె నువ్వెవరు? ఆ జాగల నేను కూసుంటే బస్సు ఆగేది గాదు. బస్సును ఆపింది నేను గాదు, నీ సంచి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అవ్వ మాత్రం కిందనుంచే, "తియ్యరాదు నాయినా, సంచికేమన్న కక్కొస్తదా?" అంది. అప్పటికి కండక్టర్ ముందుకొచ్చి సంచి తీసి ఆయన ఒళ్లో పెట్టాడు. ఆయన కిటికీ వైపు తిరిగి మహబూబ్‌నగర్ దాకా అలాగే ఉన్నాడు. క్షమాపణ లేదు, సిగ్గు పడ్డట్టు కూడా లేదు. అవ్వ ఒక సీతాఫలం నా సంచిలో వేస్తూ, "ఇప్పుడు వద్దులే, దిగినంక తిను" అంది.

మహబూబ్‌నగర్ చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. బస్టాండు మరుగుదొడ్డిలో చున్నీ మార్చుకున్నాను. పక్కనే పెరుగన్నం నలభై రూపాయలు. అక్కడినుంచి రాయచూరు వెళ్లే బస్సులన్నీ దేవరకద్ర, మరికల్ మీదుగా మక్తల్‌లో ఆగుతాయి, ఎక్కువసేపు కాచుకోనక్కర్లేదు. మరికల్ దాటాక నేల రంగు మారి నల్లరేగడి వస్తుంది, బస్సులో కన్నడం వినబడుతుంది. మూడు గంటలలోపే మక్తల్‌లో దిగి, ఆటోకు ఇరవై ఇచ్చి ల్యాబ్‌కు వెళ్లాను.

ల్యాబ్ నడిపే ఆయన ఎక్కువ మాట్లాడలేదు. పరీక్షకొచ్చిన ఒక ముసలాయన్ను చూపించి రక్తం తీయమన్నాడు. ఎండిన చెయ్యి, నరం ఎక్కడా కనబడదు. వేలితో వెతికి, దొరికాక ఒక్కసారికే తీశాను. ల్యాబ్ ఆయన తల ఊపాడు. "మంచిది. వారానికి రెండు దినాలు ఊర్లల్లకు పోయి శాంపిళ్లు తేవాలె. ఆటోలనో జీపులనో పోవాలె. ఇబ్బందేం లేదు గదా?"

లేదనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధమాడితే మొదటి వారమే బయటపడుతుంది.

"నాకు బస్సు పడది సార్. ముందల కూసుంటే నడుస్తది."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "గది పెద్ద మైనస్ గదమ్మా. తిరిగే పని. నీకు కష్టమైతది, మాకు కష్టమైతది."

"సార్, హాలియా నుంచి నాలుగు బస్సులెక్కి వచ్చిన. జడ్చర్లకు ముందు వాంతి చేసుకున్న, ముఖం కడుక్కొని మళ్ల ఎక్కిన. తొవ్వల పడ్డ కష్టం నాది, నేనే పడ్డ. ఇప్పుడే మీ ముందల రక్తం తీసిన. నా చెయ్యి వణికిందా?"

దూది నొక్కుకుని కూర్చున్న ముసలాయన తలెత్తాడు. "నాకైతే గుచ్చినట్టే అనిపియ్యలే" అన్నాడు.

ల్యాబ్ ఆయన మళ్లీ పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. "నెల దినాలు చూస్త. రేపటికాంచి రా" అన్నాడు. పూర్తి మనసుతో అనలేదు. నేను మాత్రం పూర్తి మనసుతోనే ఒప్పుకున్నాను. అమ్మకు ఫోన్ చేస్తే, ఉద్యోగం వచ్చిందా రాలేదా అని అడగలేదు. "తిన్నవా?" అంది.

ఆ నెల దాటి చాలా కాలమైంది. ఇప్పుడు ఇది మక్తల్‌లో నా కిరాయి గదిలో కూర్చుని రాస్తున్నాను. ఊర్లకు వెళ్లే ఆటోలో ఇప్పటికీ అప్పుడప్పుడు ఆపమంటాను, దిగుతాను, మళ్లీ ఎక్కుతాను. నా కడుపు నాకున్న లోపమే, కాదనను. దాన్ని నా చేతనైనంత దారికి తెచ్చుకున్నాను. కానీ ఇన్నేళ్లు నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది అదొక్కటే కాదు. అడగడానికి నేను పడ్డ సిగ్గు, అడిగితే ఎగతాళి చేసే జనం, ముఖం చూసి కథలల్లే పెద్దమనుషులు కూడా అందులో ఉన్నారు. సిగ్గు నాది కాబట్టి నేను వదిలేశాను. మిగతావాటిని ఇకనుంచి నా లోపం కింద ఎవరైనా లెక్క కడితే ఊరుకునేది లేదు.

నాలాంటి వాళ్లకు ఒక్క సలహా. కల్వకుర్తిలో నిండిన బస్సు ఎదురుగా ఉంటే తొందరపడి ఎక్కకండి, మహబూబ్‌నగర్‌కు ఇంకోటి వస్తుంది. ఖాళీగా వచ్చినదాంట్లో ముందు కిటికీ పక్కన కూర్చోండి. అది దొరక్కపోతే, బస్సు కదలకముందే కండక్టర్‌ను పిలిచి, పక్కవాళ్లకు కూడా వినబడేట్టు అడగండి.