మెట్రో మెట్ల కింద మోకాళ్ల నూనె

మా మనవరాలికి మార్కెటింగ్ ఉద్యోగం ఇప్పించింది నేనే. ఉప్పల్‌లో నాతోపాటు పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు, ఎందుకంటే చెప్పింది నేనే. నాచారం కంపెనీ మేనేజరు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి, నా చెయ్యి పట్టుకొని, "పెద్దాయనా, మీ పిల్లను మాకియ్యుండ్రి" అని బతిమాలాడని కూడా చెప్పాను.

కుర్చీ లేదు. ఆ మనిషి సంకలో హెల్మెట్టు పెట్టుకొని రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. బతిమాలడమూ లేదు. చెయ్యి పట్టుకున్న మాట మాత్రం నిజం. ఎందుకు పట్టుకున్నాడో చెప్తాను, కానీ ముందు మా ఇంట్లో భయం ఎట్లా ఉండేదో చెప్పాలి.

పిల్ల డిగ్రీ అయిపోయాక ఇంట్లో ఎవరి ఫోను మోగినా అందరం కొయ్యబారిపోయేవాళ్లం. మార్కెటింగే చేస్తానని పట్టుబట్టింది. మెట్రో ఎక్కి ఊరి ఆ చివరికి పోయి వచ్చేది. కొత్తవాళ్లు కావాలని ప్రకటన ఇచ్చి, తీరా లోపలికి పోతే ఇదివరకు ఎక్కడ చేశావని అడిగేవారట. పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడమంటే, ఈమె గొంతు సవరించుకునేలోపు మిగతావాళ్లు మాట్లాడేసి లేచేవారట. తిరిగొచ్చి చెప్పులు విప్పి, తిన్నగా వంటింట్లోకి పోయి చెంబెడు నీళ్లు తాగేది. ఆ నీళ్లు తాగే చప్పుడును బట్టే మాకు ఫలితం తెలిసేది.

ఒకనాడు అన్నం దగ్గర నా కొడుకు మెల్లగా అన్నాడు: "దసరా దాక సూద్దాం బిడ్డా. కాకపోతే జనగామల మీ మేనమామ మెడికల్ షాపుల కూసో. కౌంటర్ మీద నమ్మకమైన మనిషి లేక ఆయన గూడ తిప్పలు పడుతుండు."

కోపంగా అని ఉంటే నేను మధ్యలో దూరేవాణ్ణి. ప్రేమగా అన్నాడు. పిల్ల సరేనని తల ఊపింది.

ఆ తల ఊపడం చూసి నాకు భయమేసింది. పప్పులో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అనే దానికి కూడా నాతో పొద్దుగూకేదాకా వాదం పెట్టుకునే పిల్ల అది. అలాంటిది ఎదురు మాట లేకుండా తల ఊపింది. ఆ తరువాత ఇంట్లో మాట్లాడటమే తగ్గించేసింది. నేను కావాలని తప్పుడు మాటలు చెప్పేవాణ్ణి, సరిదిద్దుతుందేమోనని. "మేడిపల్లికి మెట్రో పడ్డదట గదా" అన్నాను ఒకసారి. "ఊఁ" అంది. అంతకంటే భయపెట్టే మాట నేను వినలేదు.

అట్లాంటి రోజుల్లో నాచారం నుంచి పిలుపొచ్చింది. నొప్పుల నూనెలు, బామ్‌లు చేసే చిన్న కంపెనీ. ఒక్కటే ఉద్యోగం. వడపోతలన్నీ అయ్యాక ఇద్దరు మిగిలారు: మా పిల్ల, ఇంకో అమ్మాయి. ఆఖరి పరీక్ష ఉప్పల్ మెట్రో మెట్ల దగ్గర. చెరో పక్క చెరో బల్ల వేసుకొని, కంపెనీ వాళ్ల కొత్త మోకాళ్ల నూనెను వచ్చేపోయేవాళ్లకు చూపించాలి. ఎవరేమన్నారో చెప్పాలి. మేనేజరు ఏ వేళకైనా వచ్చి చూస్తాడు.

"పోయేటోళ్లను ఆపాలె తాతా," అంది పిల్ల, చున్నీ అంచును తాడులా మెలిపెడుతూ. "మనుషుల్ని ఎట్ల ఆపుతరు?"

నా ఉద్యోగమంతా నాచారంలో మిషన్ల మధ్యనే గడిచింది. ఆగిన మిషన్‌ను నడిపించమంటే నడిపిస్తాను గానీ, నడిచే మనిషిని ఆపడం నాకేం తెలుసు? "గదెంత పని!" అన్నాను.

ఆ పొద్దున పిల్ల ఇల్లు దాటగానే నేనూ బయల్దేరాను. మెట్రో స్తంభం పక్కన బత్తాయిల బండి వెనక చేరి, మొహానికి తువ్వాలు చుట్టుకొని కూర్చున్నాను. మెట్ల మీంచి జనం గుంపులు గుంపులుగా దిగుతున్నారు. చెవుల్లో ఫోన్లు, కళ్లు బస్సుల మీద. మా పిల్ల "సార్… మేడమ్…" అంటోందని పెదాల కదలికను బట్టి తెలుస్తోంది. మాట మాత్రం బల్ల దాటడం లేదు. జనం ఆమెను స్తంభాన్ని తప్పుకున్నట్టు తప్పుకొని పోతున్నారు. అవతలి అమ్మాయి గొంతు మాత్రం రింగురోడ్డు దాకా ఖంగుమంటోంది. ఆ బల్ల చుట్టూ జనం.

జనగామ మెడికల్ షాపు కౌంటరు, దాని వెనక మాటా పలుకూ లేని పిల్ల, అచ్చం ఎదురుగా ఉన్నట్టు కనిపించాయి.

"పెద్దాయనా, కొంటవా, దాక్కుంటవా?" అంది బండి ఆమె.

"జర ఆగమ్మా," అని ఫోను తీశాను. నడక దోస్తులకు కబురు పెట్టి పాతికమందిని దించాను. సరే, నలుగురిని. అందులో ఒకాయన దారిలో చాయ్ దగ్గర ఆగిపోయి చివరిదాకా రానేలేదు. మిగిలిన ముగ్గురికీ బండి వెనక పాఠం చెప్పాను: "ఒక్కొక్కలే పోండ్రి. వాసన సూడుండ్రి. 'నేను వాడుతున్న, మస్తు పనిజేస్తది' అనుండ్రి. గట్టిగ అనాలె. నేనున్నట్టు పిల్లకు తెల్వొద్దు."

మొదటి ఇద్దరూ బాగానే చెప్పొచ్చారు. పెద్దమనుషులు ఆగారని చూసి దారినపోయే వాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు ఆగారు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. సరిగ్గా అప్పుడే మేనేజరు బండి దిగి, హెల్మెట్టు తీసి, బల్ల పక్కన నిలబడ్డాడు. మూడోవాడు, రైల్వేలో పనిచేసి రిటైరైన నా దోస్తు, అప్పటికే బయల్దేరిపోయాడు. వాడికి చెవుడు. వెనక్కి పిలిస్తే వినపడదు.

"మూడు నెలల సంది వాడుతున్న!" అన్నాడు వాడు, ప్లాట్‌ఫారం మీద అరిచినట్టు. "ఇగ సూడు, మెట్లు ఉరికెక్కుతున్న!"

మేనేజరు నవ్వుతూ వాడి చెవి దగ్గరికి వంగాడు. "ఏ దుకాణంల కొన్నరు మామా?"

ఆ ప్రశ్నకు నేను జవాబు నేర్పలేదు. వాడు తాపీగా వెనక్కి తిరిగి, బత్తాయిల బండి వైపు చూసి గట్టిగా అడిగాడు: "ఏంది బావా, ఏడ గొన్నమని జెప్పాలె?"

"ఈ నూనె ఇంకా దుకాణాలకే పోలేదు మామా," అన్నాడు మేనేజరు. "ఇయ్యాల్నే మొదటిసారి బయటికి తెచ్చినం."

కొత్త నూనె అని పిల్ల చెప్పనే చెప్పింది. టీవీలో అన్నిటినీ కొత్తదనే అంటారు గదా, ఇంత కొత్తదనుకోలేదు.

లేచి పారిపోదామనుకున్నాను. మోకాళ్లు లేవలేదు. మేనేజరు బత్తాయిల బండి చుట్టూ తిరిగొచ్చి, నా చెయ్యి పట్టుకొని లేపి, బల్ల ముందుకు తీసుకుపోయాడు. ఇందాక చెప్పిన చెయ్యి పట్టుకోవడం ఇదే.

"ఈయన నీకు తెలుసా అమ్మా?"

మేనేజరు వెనక నుంచి నేను పిల్ల వైపు చూసి అడ్డంగా తల ఊపాను. తెలియదని చెప్పు తల్లీ. తువ్వాలు ఉంది, మొహం కనపడదు, ఎవరో పిచ్చి ముసలోడని చెప్పు. ఒక్క మాటతో పోతుంది. అవతలి బల్ల దగ్గర అమ్మాయి కూడా మాట ఆపి ఇటే చూస్తోంది.

"మా తాత సార్," అంది పిల్ల. ఆపైన నా మీద విరుచుకుపడింది. "నిన్నెవరు రమ్మన్నరు తాతా? వీళ్లందరికి అబద్ధాలు నేర్పి తోలినవా? నేను గింతగూడ చేసుకోలేననుకున్నవా?"

మెట్లు దిగే జనం నిలబడిపోయారు. మా ఇంట్లో చాలా రోజులుగా వినపడని గొంతు అది. ఉద్యోగం పోయిందని భయం ఒక పక్క, ఆ గొంతు వినపడిందని ఏదో ఇంకొకటి ఒక పక్క. ఏడుపొచ్చింది. తువ్వాలు అందుకు పనికొచ్చింది.

మేనేజరు నవ్వలేదు. "మరి నిజంగ ఆగినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నాడు.

"కొందరు ఆగిన్రు సార్," అంది పిల్ల. నాచారంలో ఏదో ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి పనిచేసే ఒకామె నూనె మంచిదే అన్నదట. కానీ ఆ వాసనతో బస్సెక్కితే పక్క సీటామె లేచిపోతుందట. ఇంకొకామె అక్కడే సీసా తీసుకొని సంచిలో వేసుకోగానే మూత దగ్గర కారిందట. మేనేజరు అంతా విని, ఫోన్ చేస్తామని చెప్పి, హెల్మెట్టు పెట్టుకొని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక పిల్ల నాతో మాట్లాడలేదు. ఫోన్ మోగినప్పుడల్లా నేను పూజగదిలోకి పోయేవాణ్ణి. దేవుడి కోసం కాదు, ఎవరి మొహమూ చూడలేక. దసరా దగ్గరికొచ్చింది. జనగామ నుంచి మేనమామ కూడా ఫోన్ చేశాడు. నా కొడుకు పిల్ల కోసం సంచి కూడా కొనుక్కొచ్చాడు.

ఆ సంచి ఇంకా గోడకు ఆనించి ఉండగానే నాచారం నుంచి ఫోన్ వచ్చింది. పిల్ల బాల్కనీలోకి పోయి మాట్లాడింది. నేను తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. సోమవారం చేరమన్నారు.

అదీ జరిగింది. నిజం చెప్పే పిల్ల అని తెలిసి ఉద్యోగమిచ్చారు. ఆ నిజం బయటపడింది నా వల్ల. అంటే ఇప్పించింది నేనే గదా? మొన్న సాయంత్రం చాయ్ దగ్గర దోస్తులకు ఇదే లెక్క చెప్తుంటే, ఆఫీసు నుంచి వచ్చి బస్సు దిగిన మనవరాలు నా వెనకే నిలబడి అంతా విన్నది.

"అయిపోయిందా తాతా?" అంది. "ఉద్యోగం మొదలు అవతలి పిల్లకే ఇచ్చిన్రు. ఆమెకు ఇంకో దగ్గర మంచిది దొరికి రానన్నది. గప్పుడు నన్ను పిలిచిన్రు. నువ్వు రాకపోయి ఉంటే మొదలే నాకొచ్చేదేమో, గది గూడ జెప్పు."