గుంజకు తగిలిన గోలు

లండన్ శివారు హౌన్స్‌లోలో మా ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ క్లబ్బుకు సొంత మైదానం లేదు, బట్టలు మార్చుకునే గది లేదు. ప్రెసిడెంటు మాత్రం ఉన్నాడు, ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు ఉన్నారు. ఆట అయ్యాక చేరే పబ్బు గోడ మీద హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఉంది. అందులో నాలుగు ఫొటోలు, మూడు ప్రెసిడెంటువే. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మా అవ్వ అనేది. వీళ్లను చూడకుండానే అంది.

అప్పుడు నేను మాస్టర్స్ చదువుతూ ఎయిర్‌పోర్టు పక్క వేర్‌హౌస్‌లో పనిచేసేవాణ్ణి. అక్కడ ఎవరికి ఏ షిఫ్టో రోటా వేసే ఆస్ట్రేలియన్ సూపర్‌వైజరే ఈ ప్రెసిడెంటు. "శనివారాలు వచ్చి జెండాలు పట్టుకో, నీ షిఫ్టులు నేను చూసుకుంటా" అన్నాడు. చూసుకున్నాడు కూడా.

ఆ ఆటలో రెండు వైపులా నాలుగేసి గుంజలుంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి బంతి పోతే గోలు, ఆరు పాయింట్లు. గుంజకు తగిలి లోపలికి పోయినా ఒక్కటే. గోలైతే రెండు జెండాలు, కాకపోతే ఒక జెండా ఊపాలి. అంతే నా ఉద్యోగం.

గుంజలు చేసింది మేం ఆడే పార్కు పక్క వీధిలో ఉండే ఒక ఇంగ్లీషు ప్లంబర్ అంకుల్. వీళ్లు స్వెటర్లు గుట్టగా పెట్టి వాటినే గుంజలనుకుని ఆడడం చూసి జాలిపడి, పాత డ్రైనేజీ పైపులతో చేశాడు. ప్రతి శనివారం వ్యాన్‌లో తెచ్చి పాతేవాడు, ఆట అయ్యాక పీకి తీసుకెళ్లేవాడు. ఆయన్ని కనీసం బీరు తాగమని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

రెండో ఏడు, ఎలాగో, ఫైనల్‌కు వచ్చాం. ఆఖరి నిమిషంలో మూడు పాయింట్లు వెనక. ప్రెసిడెంటు పొట్ట ఊపుకుంటూ వచ్చి బంతి తన్నాడు. అది నా పక్క గుంజకు టప్పున కొట్టుకుని లోపలికి జారింది. నేను ఒక జెండా ఎత్తబోయాను.

"రెండూ! రెండూ ఎత్తు!" అని అరిచాడు ప్రెసిడెంటు.

సోమవారం రోటా నా కళ్లముందు కదిలింది. రెండూ ఎత్తాను. అవతలి జట్టు గోల చేస్తే అంపైర్ పరుగెత్తుకొచ్చాడు.

"తగల్లేదుగా?"

"తగల్లేదు" అన్నాను.

కప్పు మాదైంది.

క్లబ్బుకు పదేళ్లు నిండేసరికి నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రెసిడెంటు ఫోన్ చేశాడు. "కంప్యూటర్ మనిషివి కదా, క్లబ్బు చరిత్ర రాసిపెట్టు." తన నోట్సు పంపాడు. పదకొండు పేజీల్లో తొమ్మిది ఆ గోలు గురించే. గాలి ఎటు వీచింది, కాలు ఎలా మడిచాడు, జనసముద్రం ఎలా హోరెత్తింది. ఆ సముద్రం ఎనిమిది మంది, అందులో ఇద్దరు బస్సు కోసం నిలబడ్డవాళ్లు. ప్లంబర్ అంకుల్ 'తదితరులు'లో ఉన్నాడు.

నేను జరిగింది రాశాను. బంతి తగిలిందని, షిఫ్టుల కోసం అబద్ధమాడానని. అంకుల్ గురించి రెండు పేజీలు రాశాను.

"ఇదేంటిది?" అన్నాడు ప్రెసిడెంటు ఫోన్లో.

"జరిగింది."

"ఇన్నేళ్ల తర్వాత ఎవడికి కావాలి?"

"మరి నీ తొమ్మిది పేజీలు ఎవడికి కావాలి?"

నిగనిగలాడే కాగితం మీద పుస్తకం వేశారు. నా పేజీలు ఒక్కటీ లేవు. 'రచన' అని నా పేరు మాత్రం వేశారు. మరుసటి వేసవికి జట్టుకు సరిపడా మనుషులు దొరక్క క్లబ్బు మూతపడింది. ఇప్పుడది ఒక వాట్సాప్ గ్రూపు. దానికీ ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు.

తీసేసిన పేజీలు ప్రింటు తీసుకుని అంకుల్ ఇంటికెళ్లాను. వంటగది బల్ల దగ్గర కళ్లజోడు పెట్టుకుని మెల్లగా చదివాడు.

"తగిలిందని నాకు తెలుసు. మర్నాడే ఆ పగిలిన పైపు మార్చాను" అన్నాడు. "నువ్వొచ్చి చెబుతావని చాలా శనివారాలు ఎదురుచూశాను. తర్వాత మానేశాను."

ప్రెసిడెంటును తిట్టడానికి నా దగ్గర ఎన్నో మాటలు పోగై ఉన్నాయి. అవేవీ ఎత్తకుండా క్షమించమన్నాను.

"ఈ కాగితాలు ఉంచుకోవచ్చా?" అని అడిగాడాయన.

ఉంచుకోమన్నాను.