కాలు పెట్టి చూడు, నిండితే మూయి

నిన్న సాయంత్రం సిరిగేరి దగ్గరి మా మడి గట్టు మీద ఉన్నవి: ఒక పార, రెండు మోటారుసైకిళ్ళు, కాలవ నీళ్ళ వాట్సాప్ గ్రూపుతో ఆగకుండా మోగుతున్న నా ఫోను. ఉన్నవాళ్ళు: నేను, మా చిన్నాయన. మడి నిండిందా అని గ్రూపులో ఎవరో అడిగితే, నిండిందని పెట్టేయమని చిన్నాయన గట్టు మీది నుంచే చెప్పాడు. నేను మాత్రం చెప్పులు విడిచి దిగాను.

అది మా నాయన అలవాటు. ఆయన ఉపదేశాలు చేసే మనిషి కాదు. ఇంటికంతా కలిపి రెండే మాటలు పెట్టుకున్నాడు, కాలు పెట్టి చూడు, నిండితే మూయి. నీళ్ళు చీలమండ దాకా వచ్చాయో లేదో కంటితో కాక కాలితో తెలుసుకోమని మొదటిది, వచ్చాక మడవ, అంటే గట్టుకు కొట్టిన గండి, మూసి నీళ్ళు కింది మడికి వదలమని రెండోది. అవి మడి దగ్గరే ఆగేవి కావు: అక్కకు సంబంధం చూసినా, మేనత్త పాడికి ఎనుము కొనబోయినా మొదటి మాట, పంక్తిలో మూడోసారి పాయసం అడిగినా, అమ్మ పక్కింటామె మీద అరగంట దాటి మాట్లాడినా రెండో మాట.

నేను డిప్లొమా ముగించిన ఏడు నాయన నడుము పట్టేసి మంచమెక్కితే, వంతు నీళ్ళు కట్టే పని నా మీద పడింది. వరి పొట్ట మీద ఉంది, నీళ్ళు తప్పితే గింజ పట్టదు, కాలవ బంద్ చేస్తారని వార్త, మా కింద ఉన్న పెద్దమ్మ మడి అప్పటికే నెర్రెలిచ్చింది. మా మడిలో నీళ్ళు చీలమండ దాటగానే నేను పార ఎత్తాను.

"ఏందప్పా, అప్పుడే మూస్తాండావా? రేపు కాలవ నిలిస్తే మడికి నీ డిప్లొమా పారిస్తావా?" అన్నాడు చిన్నాయన.

"ముందు నీ నోరు మూయప్పా. ఈడ నా మడి నోరు తెర్చుకోని ఉండాది," అంది పెద్దమ్మ కింది గట్టు నుంచి.

మూశాను. కాలవ నిజంగానే ఆగింది, మళ్ళీ వచ్చేసరికి మా మడిలో ఒక వైపు కంకులు తాలు పోయాయి. నాయన కర్ర పట్టుకుని వచ్చి, అంతా చూసి, నిండినాకే మూసినావా అని అడిగాడు. ఔనంటే, కర్ర ఊతంగా ఇంటిదారి పట్టాడు. ఈ రోజు మళ్ళీ అదే పరిస్థితి వచ్చినా నేను అదే చేస్తాను.

నాయన లేడు. నీళ్ళు ఎప్పుడొస్తాయో ఇప్పుడు ముందే ఫోనుకు తెలుస్తుంది, ఫోటో పెడితే మడి నిండినట్టే. సౌకర్యమే, కాదనను, కానీ గట్టు మీద ఎదురెదురుగా నిలబడి తిట్టుకునే మనుషులు లేకుండా పోయారు. నిన్న కూడా నీళ్ళు చీలమండ దాటాయి, మడవ మూశాను, ఈసారి చిన్నాయనే పార అందించాడు.

కాలవ ఆగిన ఆ ఏడు పెద్దమ్మకు ఎకరాకు ముప్పై ఆరు బస్తాలు, మాకు ముప్పై.